కోట్లాకు పెవిలియన్ ఇచ్చిన విజయనగరం రాకుమారుడు

ఢిల్లీ గేటు దగ్గర, బహదూర్ షా జఫర్ మార్గ్ పక్కన ఉన్న క్రికెట్ స్టేడియానికి ఇప్పుడు అరుణ్ జైట్లీ పేరుంది. 2019 దాకా అది ఫిరోజ్ షా కోట్లా. 1930లలో ఆ మైదానం కొత్త రూపు దిద్దుకుంటున్నప్పుడు ఒక పెవిలియన్‌ను కానుకగా ఇచ్చింది తెలుగువాడే. డబ్బు తనది, దానికి పెట్టిన పేరు మాత్రం వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్‌ది. విజ్జీ తీరే అంత.

అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. విజయనగరం రాజావారి రెండో కుమారుడిగా 1905 డిసెంబరు 28న పుట్టారు. తండ్రి పోయాక గద్దె అన్నకు దక్కింది. తమ్ముడు కాశీలోని కుటుంబ ఎస్టేటుకు చేరుకున్నారు. పాలించడానికి రాజ్యం లేదు, ఖర్చు పెట్టడానికి డబ్బుంది. అజ్మీర్ మేయో కాలేజీలో, ఇంగ్లండ్‌లో చదువుకుంటూ అంటించుకున్న క్రికెట్ పిచ్చి ఉంది. ఇంటి ఆవరణలోనే మైదానం వేయించారు, సొంత జట్టును కూడగట్టారు.

1930లో శాసనోల్లంఘన ఉద్యమంతో దేశం అట్టుడుకుతుండగా ఎంసీసీ జట్టు భారత పర్యటన రద్దయింది. ఆ ఖాళీని విజ్జీ తన ఖర్చుతో పూరించారు. ప్రపంచంలోనే పేరు మోసిన ఓపెనింగ్ జోడీ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను పిలిపించారు. భారత్ నుంచి సీకే నాయుడు, కుర్రాడు ముస్తాక్ అలీ వంటివారు తోడయ్యారు. మిత్రబృందం తీర్థయాత్రకు బయల్దేరినట్టు ఊరూరా మైదానాలు చుట్టేసి సిలోన్ దాకా వెళ్లివచ్చారు. అప్పటికి హాబ్స్‌కు నలభై ఎనిమిదేళ్లు. ఆ యాత్రలో ఆయన కొట్టిన రెండు సెంచరీలను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న తగవు నేటికీ తెగలేదు. కొందరి పుస్తకాల్లో హాబ్స్ సెంచరీలు 197, ఇంకొందరి లెక్కలో 199. తేడా అంతా విజ్జీ చలవే.

ఆతిథ్యం ఇవ్వడంలో ఆయనను మించినవారు లేరు. చిక్కల్లా ఆ మర్యాదకు బదులుగా కెప్టెన్సీ కావాలనుకోవడంతో వచ్చింది. 1936 ఇంగ్లండ్ పర్యటనకు సీకే నాయుడిని కాదని విజ్జీని నాయకుడిగా ఎన్నుకున్నారు. బోర్డులో సంపాదించుకున్న ఓట్ల బలం అది, బ్యాటు బలం కాదు. ఓ కౌంటీ కెప్టెన్‌కు బంగారు గడియారం బహూకరించి తనకు తేలికైన బంతులు వేయించుకున్నారన్న కథ ఉంది. అలాంటి కథల్లో నిజమెంతో గానీ, స్కోరు పుస్తకం అబద్ధం చెప్పదు: మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, మొత్తం 33 పరుగులు.

బాధించేది ఆ 33 కాదు. అప్పటికి జట్టులో అద్భుతంగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో తొలి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. మేనేజర్ బ్రిటన్ జోన్స్ కూడా ఆ నిర్ణయంలో భాగస్వామే. జట్టు ముఠాలుగా చీలింది. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు చేయడం ఒక్కటే ఊరట. సిరీస్ 2-0తో పోయింది. అదే పర్యటనలో విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. తర్వాత విచారణ జరిపిన జస్టిస్ బ్యూమాంట్ కమిటీ ఆయన కెప్టెన్సీని తప్పుపట్టింది. కానీ అమర్‌నాథ్‌కు పోయిన టెస్టులను ఏ కమిటీ తిరిగివ్వగలదు? మధ్యలో యుద్ధం కూడా రావడంతో ఆయన మళ్లీ టెస్టు ఆడింది పదేళ్ల తర్వాత, 1946లో.

విజ్జీని విలన్‌గా చూపి ముగించేయడం సులువే. అయితే 1952లో పాకిస్థాన్ తన తొట్టతొలి టెస్టు ఆడేందుకు కోట్లాకు వచ్చినప్పుడు భారత కెప్టెన్ అమర్‌నాథే. బోర్డు ఒకసారి పక్కనపెట్టిన ఆయనను మళ్లీ సారథిగా తేవడంలో విజ్జీ పాత్ర ఉందని క్రికెట్ చరిత్రలో నమోదైంది. పశ్చాత్తాపమో, బోర్డు రాజకీయమో, రెండూ కలిసో. వినూ మన్కడ్ 13 వికెట్లు తీశాడు, భారత్ ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో గెలిచింది.

సర్ బిరుదును విజ్జీ 1947లోనే వదులుకున్నారు. 1954 నుంచి 1957 దాకా బోర్డు అధ్యక్షుడిగా ఉన్నారు, 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. రేడియోలో కామెంటరీ కూడా చెప్పేవారు, విన్నవాళ్లు పెద్దగా మెచ్చుకోలేదు. 1960లో ఉప ఎన్నికలో, 1962లో మళ్లీ విశాఖపట్నం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచి లోక్‌సభకు వెళ్లారు. ఎన్నడూ పాలించని సొంత గడ్డ చివరకు ఆయనను ఢిల్లీకి పంపింది, అదీ ఓట్లతో. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూసే నాటికి ఆయన విశాఖ ఎంపీయే. అరవై నిండడానికి ఇంకా 26 రోజులుంది.