కొమర్రాజు వేంకట లక్ష్మణరావు: దేశభాషలో చరిత్రవిద్య

మన దేశమున ఉన్నత పాఠశాలలలో చరిత్ర ఒక పాఠ్యవిషయముగా బోధింపబడుట నూరేండ్లకు పైబడినది. ఆ పాఠమును ఏ భాషలో చెప్పవలెను, అందుకు కావలసిన గ్రంథములను ఎవరు రచింపవలెను, పదునారేండ్ల విద్యార్థికి రాజుల పేర్లు చెప్పిన చాలునా, ఆ పేర్లు మనకెట్లు తెలిసినవో కూడ చెప్పవలెనా అను ప్రశ్నలు దేశభాషా పండితుల నందరను ఎదుర్కొన్నవే. తెలుగున ఈ ప్రశ్నలకు తమ జీవితకార్యముచే సమాధానము చెప్పినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. విజ్ఞానసర్వస్వ నిర్మాతగా వారిని స్మరించుట పరిపాటి. ఆ కీర్తి న్యాయమైనదే. కాని దానికి ముందు చరిత్రవిద్య విషయమున వారు చేసిన కృషియే తక్కిన పనులకెల్ల పునాది. ఆ దృష్టితో వారి జీవితమును ఇచట పరిశీలింతము.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబగారు. పసితనముననే తండ్రి గతించుటచే సవతియన్న శంకరరావుగారి పోషణమున పెరిగి, నిజాం రాజ్యములోని భువనగిరిలో తొలిచదువు చదివిరి. వారి యక్క అచ్చమాంబగారికి బడికి పోయి చదువు యోగము లేకపోయెను. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కను గూర్చుండి ఆమె అక్షరములు నేర్చిరి. వివాహానంతరము ఆమె భర్త బండారు మాధవరావుగారితో నాగపూరు ప్రాంతమునకు పోగా, లక్ష్మణరావుగారు అక్కగారి యింట నుండి విద్య కొనసాగించిరి. 1900లో బి.ఏ. పరీక్షయందును, అటుపిమ్మట ప్రైవేటుగా ఎం.ఏ. పరీక్షయందును ఉత్తీర్ణులైరి.

నాగపూరు నివాసము వారి చరిత్రదృష్టికి కారణమని చెప్పవలెను. తెలుగుదేశమునకు దూరముగ, మరాఠీభాష వినబడుచోట వారు పెరిగిరి. ఆ భాషలో వ్యాసములు వ్రాయుటకు తగిన ప్రావీణ్యము సంపాదించిరి. అది మహారాష్ట్రమున చరిత్రజిజ్ఞాస ప్రబలిన కాలము. విశ్వనాథ కాశీనాథ రాజవాడేగారు మరాఠాల చరిత్రకు ఆధారములగు పత్రములను సేకరించి, 1898లో మొదటి సంపుటము ప్రకటించిరి. వంగదేశమున అక్షయకుమార మైత్రేయగారు ఆ కాలముననే సిరాజుద్దౌలా చరిత్రను పునర్విచారించి వంగభాషలో గ్రంథము రచించిరి. విదేశీయులు వ్రాసిన చరిత్రను చదివి ఒప్పజెప్పుట వేరు, ఆధారములను వెదకి స్వభాషలో చరిత్ర నిర్మించుట వేరు అను వివేకము ఇట్టి కృషివలన దేశమున కలిగినది. లక్ష్మణరావుగారు ఆ వివేకమును మరాఠీనుండి తెలుగునకు కొనివచ్చిరి. వారి తొలి తెలుగు చరిత్రగ్రంథము శివాజీ చరిత్రము కావుట కాకతాళీయము కాదు.

అదే యింట అచ్చమాంబగారు ప్రసిద్ధ స్త్రీల చరిత్రములను కూర్చి అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథము రచించిరి. పాఠశాలా చరిత్రలో స్త్రీలకు దాదాపు స్థానము లేని దినములవి. బడికి పోజాలని స్త్రీ ఆ కొరతను తీర్ప పూనుట గమనింపదగినది. 1905లో ఆమె అకాలమరణము చెందుట తమ్మునికేగాక తెలుగు చరిత్రరచనకును తీరని నష్టము.

ఆనాటి తెలుగు విద్యార్థి స్థితి యెట్టిది? చెన్నరాజధానిలో ఉన్నత తరగతుల బోధన ఆంగ్లమున జరుగుచుండెను. భారతదేశ చరిత్రను సైతము బాలుడు పరభాషలో వల్లించి, పరభాషలోనే పరీక్ష వ్రాయవలసి యుండెను. నిజాం రాజ్యమున ఉర్దూ రాజభాష. తెలుగు మాతృభాషగా గలవారికి అచట స్వభాషలో ఉన్నతవిద్య అందనిది. ఉభయత్ర ఫలిత మొకటే. ఆంగ్లముగాని ఉర్దూగాని రానివానికి చరిత్ర లేదు. వచ్చినవానికి తన యూరి గుడిగోడమీది శాసనము చరిత్రయని తోచదు. విద్య యొక్క లోపము రెండు విధముల ప్రజను చరిత్రనుండి వేరుచేసినది.

లక్ష్మణరావుగారు నాగపూరునుండి వచ్చి మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారి వద్ద దివానుగా కొలువు చేసిరి. ఆ సంస్థానము కృష్ణామండలమునకు చెందినదయ్యు చుట్టును నిజాం రాజ్యముచే ఆవరింపబడి యుండుటచే, ఉభయప్రాంతముల తెలుగువారికిని వారధివలె పనిచేయు అవకాశము వారికి లభించెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. దాని స్థాపకులలో మునగాల రాజాగారు, రావిచెట్టు రంగారావుగారు, లక్ష్మణరావుగారు ముఖ్యులు. గ్రంథాలయము ఏర్పడిన తరువాత అందుంచుటకు తెలుగున శాస్త్రగ్రంథము లేవి యను ప్రశ్న సహజముగ పుట్టినది. దానికి సమాధానముగ 1906లో అదే నగరమున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసెను. మండలి మొదటి ప్రచురణము 1907లో వెలువడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. 1908లో మండలి చెన్నపురికి తరలినది.

మండలికై లక్ష్మణరావుగారు స్వయముగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను భారతదేశ చరిత్రగ్రంథములను రచించిరి. ఉన్నత పాఠశాలా విద్యార్థి ఆంగ్లమున చదువు విషయమును, ఆ పాఠశాల ముఖమెరుగని గృహస్థుడును గృహిణియు తెలుగున చదువగలుగుటకు ఇవి తోడ్పడినవి. అయితే ఒక పరిమితిని కూడ ఇచట చెప్పుట న్యాయము. పాలకుల మతమునుబట్టి యుగవిభాగము చేయుట జేమ్సు మిల్లు 1817లో ప్రకటించిన గ్రంథమునుండి వ్యాపించిన పద్ధతి. పరభాషాధిపత్యమును ఎదిరించిన లక్ష్మణరావుగారి గ్రంథనామములలో ఆ విభాగమే నిలిచినది. భాషను మార్చుట కన్న చట్రమును మార్చుట కష్టతరమని దీనివలన తెలియుచున్నది. ఇది వారి కృషికి కళంకము కాదు. తరువాతివారికి వారు విడిచిన కర్తవ్యము.

ఆ కర్తవ్యమునకు కావలసిన సాధనములను వారే సమకూర్ప నారంభించిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో మండలి పక్షమున వెలువడినది. దేశచరిత్రలో ఒక మూల నుండిన తెలుగుదేశమునకు ప్రత్యేక చరిత్ర ఏర్పడినది. రాయచూరు యుద్ధము, విమలాదేవి వంటి చారిత్రక నవలలను ప్రకటించి మండలి చరిత్రాభిరుచిని పెంపొందించినది. తెలుగున పరీక్షలు జరిపి, బహుమానము లిచ్చి, స్వతంత్రముగ చదువుకొనువారిని ప్రోత్సహించినది. గ్రంథము, పాఠకుడు, పరీక్ష అను మూడంగములును గల ఈ యేర్పాటు ప్రభుత్వ సహాయము లేని పాఠశాల యనదగినది.

లక్ష్మణరావుగారి పరిశోధనవ్యాసములలో శాసనములు, వాఙ్మయము పరస్పరము సాక్ష్యము చెప్పును. త్రిలింగ శబ్దమునుండి తెలుగు అను పేరు పుట్టినదను ప్రసిద్ధిని సైతము వారు విచారణకు పెట్టిరి. ప్రసిద్ధమైనంతమాత్రమున సత్యము కాదనుట చరిత్ర విద్యార్థికి మొదటి పాఠము.

1912 ప్రాంతమున వారు ఆంధ్రవిజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. అకారాది పదములే ముగియకుండ 1923 జూలైలో, నలువదియారేండ్ల ప్రాయమున, వారు చెన్నపురిలో కీర్తిశేషులైరి. ఆ సర్వస్వభారమును తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు వహించిరి. లక్ష్మణరావుగారికి తోడ్పడిన యువకులలో మల్లంపల్లి సోమశేఖరశర్మగారొకరు. పట్టము లేని ఆ పండితుడు కాలక్రమమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై, 1948లో రెడ్డిరాజ్యముల చరిత్రను ఆంగ్లమున ప్రకటించెను. తరగతి గదికి వెలుపల నడచిన చరిత్రవిద్య విశ్వవిద్యాలయమునకు ఆచార్యుని ఇచ్చిన ఉదాహరణ మిది. తెలంగాణమున వారి పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత తరగతులకు పాఠ్యగ్రంథములను తెలుగున సిద్ధపరచుటతో లక్ష్మణరావుగారి కోరిక యొక భాగము నెరవేరినది. నేడు ఇంటర్మీడియట్ విద్యార్థి చరిత్రను తెలుగున చదివి తెలుగున పరీక్ష వ్రాయవచ్చును. కాని ఉభయ తెలుగు రాష్ట్రములలోను అధికసంఖ్యాకులు గణిత, జీవశాస్త్ర విభాగములనే కోరుకొనుచున్నారు. చరిత్ర పలువురకు పదవ తరగతితో ముగియుచున్నది. భాషావిషయమైన అడ్డు తొలగినను ఆదరము పెరుగలేదు. గ్రంథము తెలుగైనంతమాత్రమున చాలదు. ఆధారమును చూపి, విచారణ నేర్పి, విద్యార్థి నివసించు గ్రామమును చరిత్రలో చేర్చవలెను. రాష్ట్రాంతరములలో తెలుగు బోధించు మాబోటివారికి, ఇతర దేశభాషా పండితులకును లక్ష్మణరావుగారి జీవితము మరియొక విషయము తెలుపుచున్నది. ఒక భాషలో ప్రబలిన చరిత్రజిజ్ఞాస పొరుగుభాషకు సంక్రమించుటకు రెండు భాషలను ఎరిగిన యొక్క విద్యార్థి చాలును. అట్టి విద్యార్థులను తయారుచేయుట మన శాఖల బాధ్యత.