పటం మీద పటం పరచిన ఇయాన్ మెక్‌హార్గ్

ఈ సంచికలో మన కవులను, గాయకులను స్మరించుకుంటూ, ఒక స్కాట్లండు పెద్దమనిషిని గూర్చి కూడా నాలుగు మాటలు వ్రాయదలచాము. చెరువు శిఖంలో ఇల్లు కట్టరాదని మన ఊళ్ళలో పెద్దలు ఏ పటమూ చూడకుండానే చెప్పేవారు. అటువంటి తెలివిడిని నగరాలు కట్టేవారి చేతికి ఒక సాధనంగా అందించినవారు ఇయాన్ మెక్‌హార్గ్.

ఆయన 1920 నవంబరు 20న గ్లాస్గో సమీపాన క్లైడ్‌బ్యాంకులో జన్మించారు. ఇంటి నుండి ఒక దిక్కుకు నడిస్తే పొగగొట్టాలు, నౌకా నిర్మాణశాలలు. మరొక దిక్కుకు నడిస్తే కొండలు, పొలాలు. ఏ దిక్కుకు మనసు లాగిందో చెప్పనక్కరలేదు. పదహారవ ఏట బడి మానివేశారు. యుద్ధకాలంలో పారాచ్యూట్ దళంలో చేరి ఇటలీలో పోరాడారు. తరువాత హార్వర్డులో ఉద్యాన శిల్పం, నగర ప్రణాళిక చదివి స్వదేశం చేరగానే క్షయ పట్టుకుంది. ఎడింబరో ఆసుపత్రిలోని దిగులు గదులలో కుదరని ఆరోగ్యం స్విట్జర్లండు కొండల ఎండలో కుదిరింది. మట్టి, గాలి, వెలుతురు మనిషికి అలంకారాలు కావని ఆయన అక్కడే రూఢి చేసుకున్నారని మా ఊహ.

1954లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. ప్రకృతితో కలిసి రూపకల్పన చేయడాన్ని బోధించే వారి ప్రసిద్ధ గ్రంథం 1969లో వెలువడింది. న్యూయార్కు స్టాటెన్ ద్వీపంలో రహదారికి దారి వెతికిన తీరు అందులో ఉంది. వరద నేలలకు ఒక పారదర్శక పటం, ఏటవాలుకు ఒకటి, అడవికి ఒకటి, పాత కట్టడాలకు ఇంకొకటి. ఎక్కడ హాని ఎక్కువో అక్కడ రంగు ముదురు. అన్నింటినీ ఒకదానిపై ఒకటి పరచి చూస్తే, లేతగా మిగిలినదే దారి! ఈ యుక్తి పూర్తిగా ఆయనదే అనలేము. వారెన్ మానింగ్ అనే మరొక ఉద్యాన శిల్పి 1912లోనే పటాలను ఇలా కలిపి చూశారు. కాని దానిని లోకానికి పాఠంగా చెప్పినవారు మెక్‌హార్గే.

ఇందులో లోపమూ లేకపోలేదు. పటాలు ఎక్కువైతే అంతా నల్లబడిపోతుంది. పైగా వరద ముప్పునూ, కంటికింపైన దృశ్యాన్నీ ఒకే తూనికతో తూచడం న్యాయమా? ఇక్కడే కంప్యూటరు అక్కరకు వచ్చింది. 1965లో హోవర్డ్ ఫిషర్ హార్వర్డులో స్థాపించిన ప్రయోగశాలలో, ముద్రణ యంత్రం అక్షరం మీద అక్షరం కొట్టి పటాలకు ఛాయలు తెచ్చేది. అక్కడ పనిచేసిన ఉద్యాన శిల్పి జాక్ డాంజర్‌మండ్ 1969లో భార్య లారాతో కలిసి కాలిఫోర్నియాలో ఎస్రీ సంస్థను నెలకొల్పారు. ఒక్కొక్క పొరకు వేరు వేరు విలువ నిచ్చి, మార్చి, మళ్ళీ చూసే వీలు ఇటువంటి యంత్రాల వల్లనే కలిగింది. గీసిన గీత మంచిదో కాదో అప్పటికప్పుడే చెప్పే సాధనం కావాలన్నది నేటికీ ప్రణాళికాకారుల కోరికే.

హ్యూస్టన్ దగ్గరి వుడ్‌లాండ్స్ పట్టణం మన వారిలో పలువురు ఎరిగినదే. 1970 దశకంలో దానికి పథకం వేసినప్పుడు మెక్‌హార్గ్ బృందం, వాన నీరు తనంతట ఇంకే నేలను ముందు గుర్తించి, ఇళ్ళకు మిగతా చోటు చూపింది. 1979లో కుంభవృష్టి కురిసినా అక్కడి ఇళ్ళు మునగలేదు. తరువాత కట్టిన భాగాలలో ఆ పద్ధతి వదిలి మామూలు గొట్టాలు, కాలువలు వేశారు. అది మాకు విచారం కలిగించే సంగతి.

2000లో ఆయనకు జపాన్ బహుమతి లభించింది. 2001 మార్చి 5న కన్నుమూశారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2019లో ఆయన పేర ఒక కేంద్రం వెలసింది.