రోజ్ కుష్నర్ అడిగిన గడువు

ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు మనచేత ఓ కాగితం మీద సంతకం పెట్టిస్తారు. అందులో ఏముందో చదివి సంతకం చేసినవాళ్ళు మనలో ఎంతమంది? కళ్ళజోడు ఎక్కడుందో వెతుక్కునేలోపే అన్నయ్యో, ఆయనో వచ్చి ఇదిగో ఇక్కడ పెట్టు అని వేలుపెట్టి చూపిస్తారు. మనం పెట్టేస్తాం.

యాభై ఏళ్ళ కిందట అమెరికాలో రొమ్ములో గడ్డ ఉందని ఆస్పత్రికి వెళ్ళిన ఆడవాళ్ళు పెట్టిన సంతకం ఇంతకంటే భయంకరమైనది. ముందు మత్తు ఇచ్చేవారు. గడ్డలోంచి ఓ ముక్క తీసి, అప్పటికప్పుడే మైక్రోస్కోపు కింద చూసేవారు. అది మామూలు గడ్డ అయితే కుట్లు వేసి పంపేసేవారు. కాన్సర్ అయితే మాత్రం ఆమెను లేపకుండా, అదే మత్తులో రొమ్ము మొత్తం తీసేసేవారు. మెలకువ వచ్చాక ఛాతీ మీది కట్టు తడిమి చూసుకుంటే తప్ప తనకున్నది ఏ జబ్బో ఆమెకు తెలిసేది కాదు. పరీక్షకూ ఆపరేషనుకూ కలిపి ఒకటే సంతకం అన్నమాట!

ఈ పద్ధతి మారిందంటే అందుకు గట్టిగా పోట్లాడినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు రోజ్ కుష్నర్. ఆవిడ డాక్టరు కాదు. ముగ్గురు పిల్లల తల్లి, పత్రికలకు రాసుకునే మనిషి. పోయి మూడున్నర దశాబ్దాలు దాటింది. రొమ్ము కాన్సర్ చరిత్ర రాసిన వారెవరూ ఆవిడ పేరు తలవకుండా ముందుకు పోలేరు.

రోజ్ 1929 జూన్ 22న బాల్టిమోర్ నగరంలో పుట్టింది. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబం. పదేళ్ళు వచ్చేసరికే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. చిన్న వయసులోనే అదే ఊళ్ళోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో పరిశోధకులకు సహాయకురాలిగా ఉద్యోగంలో చేరింది. 1951లో హార్వీ కుష్నర్‌ను పెళ్ళి చేసుకుంది. పిల్లలూ సంసారంతో ఇరవై ఏళ్ళు గడిచాయి. తర్వాత మళ్ళీ పుస్తకాలు పట్టి, 1972లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం నుంచి జర్నలిజంలో పట్టా తీసుకుంది. అప్పటికి ఆవిడకు నలభై మూడో ఏడు. వియత్నాం కూడా వెళ్ళి యుద్ధం గురించి రాసింది. చూసినదాన్ని రాయడం, వినిపించినదాన్ని నిజమో కాదో తేల్చుకోవడం ఆవిడకు అలవాటైపోయాయి. ఆ అలవాటే తర్వాత అక్కరకొచ్చింది.

ఇక్కడ ఓ విచిత్రం ఉంది. ఆవిడ ఉద్యోగం చేసిన ఆ జాన్స్ హాప్కిన్స్‌లోనే, అంతకు అర్ధ శతాబ్దం ముందు విలియం హాల్‌స్టెడ్ అనే గొప్ప సర్జన్ ఉండేవాడు. కాన్సర్ గడ్డ దగ్గర మొదలై చుట్టూ పాకుతూ పోతుందని ఆయన నమ్మకం. కాబట్టి ఎంత వెడల్పుగా కోస్తే అంత మంచిదనుకున్నాడు. రొమ్ముతోపాటు దాని కింద ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ కలిపి తీసేసే పద్ధతిని 1894లో ప్రకటించాడు. అప్పట్లో గడ్డ బాగా ముదిరాక గానీ ఆడవాళ్ళు నోరు విప్పేవారు కాదు. అలాంటివాళ్ళకు అది కొంత మేలే చేసింది. కానీ ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళపాటు, చింతగింజంత గడ్డకూ అదే కోత కోశారు. ఛాతీ గుంటపడిపోయేది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. చెయ్యి వాచిపోయేది. జడ వేసుకోవడానికి భుజం పైకి లేచేది కాదు.

1974 జూన్‌లో రోజ్‌కు తన రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. వాళ్ళ ఇల్లు వాషింగ్టన్ శివార్లలో. దగ్గర్లోని బెథెస్డాలో ప్రభుత్వ వైద్య గ్రంథాలయం ఉంది. ఆవిడ అక్కడికి వెళ్ళి చదవడం మొదలుపెట్టింది. చదివేకొద్దీ ఆశ్చర్యపోయింది. అంత పెద్ద కోత అక్కర్లేదని ఐరోపాలో ఎప్పటినుంచో డాక్టర్లు వాదిస్తున్నారు. కండరాలు తియ్యకుండా రొమ్మూ, చంక గ్రంథులూ మాత్రం తీసే పద్ధతి ఉంది. గడ్డ ఒక్కటే తీసి రేడియేషన్ ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇవేవీ మామూలు ఆడవాళ్ళ దాకా రాలేదు.

దాంతో ఆవిడ ఓ పట్టుదలకు వచ్చింది. ముందు ముక్క తీసి పరీక్ష చెయ్యండి, నన్ను లేపండి, ఫలితం చెప్పండి, తర్వాత సంగతి నేను ఆలోచించుకుంటాను అని అడిగింది. అడిగింది అంతే. కానీ సర్జన్లు ఒకరి తర్వాత ఒకరు కుదరదన్నారు. పదిమందికి పైగా కాదన్నాక గానీ ఒప్పుకునే సర్జను దొరకలేదు. పరీక్షలో కాన్సర్ అని తేలింది. అప్పుడు ఆవిడ ఎక్కడో ఉత్తరాన బఫెలో నగరంలోని రాస్‌వెల్ పార్క్ కాన్సర్ ఆస్పత్రికి వెళ్ళి, థామస్ డావ్ అనే సర్జను చేత ఆపరేషన్ చేయించుకుంది.

ఏ ఆపరేషన్ చేయించుకుందో తెలుసా? రొమ్ము తీసేసే ఆపరేషనే! కండరాలు మాత్రం ఉంచమంది.

ఆవిడ కథ చదువుతూ నేను ఆగిపోయింది ఇక్కడే. ఇంత పోట్లాడిన మనిషి రొమ్ము దక్కించుకోవడానికి పోట్లాడి ఉంటుందని అనుకుంటాం కదా. కాదు. గడ్డ మాత్రమే తీస్తే చాలునని నమ్మడానికి తగినంత రుజువు ఆనాటికి లేదు, అందుకని ఆవిడ ఆ దారి ఎంచుకోలేదు. కోత ఎంత అన్నది ఆవిడ రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, అది తేల్చేటప్పుడు తను మెలకువగా ఉందా లేదా అని. రోజ్ అడిగింది కొద్దిరోజుల గడువు. కాన్సర్ ఆ కొద్దిరోజుల్లో కొంపలు ముంచదని తను చదివి తెలుసుకుంది.

ఆవిడ ఆపరేషన్ అయిన మూడు నెలలకు దేశాధ్యక్షుడి భార్య బెటీ ఫోర్డ్‌కు రొమ్ములో గడ్డ కనబడింది. రోజ్ వెంటనే అధ్యక్ష భవనానికి ఫోన్ చేసింది. ముందు పరీక్ష మాత్రం చేయించుకోమని ఆవిడకు చెప్పాలని తాపత్రయం. అధ్యక్షుడు నిర్ణయం తీసేసుకున్నాడని అవతలి నుంచి జవాబు వచ్చింది. భార్య ఒంటి సంగతి భర్త తేల్చాడన్నమాట! 1974 సెప్టెంబరు 28న బెటీ ఫోర్డ్‌కు పాత పద్ధతిలోనే, ఒకే మత్తులో అంతా ముగించారు. ఆవిడ మాత్రం దాచకుండా లోకానికంతటికీ చెప్పింది. ఆ ధైర్యం వల్ల వేలమంది ఆడవాళ్ళు పరీక్షలకు వెళ్ళారు.

దేశాధ్యక్షుడి ఇంట్లో జరిగింది మన వీధిలో జరగదా? మా ఎదురింటి పిన్నిగారికి కొన్నేళ్ళ కిందట ఇదే జబ్బు వచ్చింది. రిపోర్టు వచ్చిన సాయంత్రం బాబాయిగారు, ఆయన తమ్ముడు, ఇద్దరు కొడుకులు వరండాలో కూర్చుని ఏం చెయ్యాలో మాట్లాడుకున్నారు. పిన్నిగారు లోపల వాళ్ళకి కాఫీ కలుపుతోంది. ఆపరేషన్ బాగా జరిగింది, ఆవిడ ఇప్పుడు క్షేమంగా ఉంది. అందరూ ప్రేమగలవాళ్ళే. కానీ ఓ మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ, రొమ్ము తియ్యకుండా కూడా చేస్తారటగా అమ్మాయ్, నాకెవరూ చెప్పలేదే అంది. నన్నడిగినా తీసెయ్యమనే చెప్పేదాన్నేమో, కానీ అడగాలి కదా అని కూడా అంది. ఆ మాటకు నేనేం చెప్పగలను?

మళ్ళీ రోజ్ దగ్గరికి వద్దాం. ఆవిడ 1975లో తన అనుభవం, తను సేకరించిన సమాచారం కలిపి ఓ పుస్తకం వేసింది. అదే ఏడు సలహా కేంద్రం పెట్టింది. ఉత్తరాలూ ఫోన్లూ వచ్చిపడేవి. సర్జన్ల సభకు వెళ్ళి మాట్లాడబోతే గోలచేసి నోరు మూయించారు. ఆవిడ మానలేదు. నోరు గట్టిది, మొహమాటం తక్కువ. ఆ సభల్లో మెత్తని మనిషైతే నెగ్గుకురాలేదు.

1979 జూన్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ రొమ్ము కాన్సర్ చికిత్స మీద నిపుణుల సంఘాన్ని కూర్చోబెట్టింది. అందులో డాక్టరు కాని మనిషి రోజ్ ఒక్కతే. హాల్‌స్టెడ్ పెద్ద కోత ఇక అందరికీ చెయ్యవలసిన మామూలు పద్ధతి కాదని ఆ సంఘం తేల్చింది. పరీక్ష వేరుగా, ఆపరేషన్ వేరుగా జరగాలని కూడా చెప్పింది. ఆ రెండో మాట వెనక ఉన్నది రోజ్. మరుసటి ఏడు అధ్యక్షుడు కార్టర్ ఆవిడను జాతీయ కాన్సర్ సలహా మండలిలో వేశాడు.

ఇంతలో రుజువులూ వచ్చాయి. పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్ నగరంలో ఉంబెర్తో వెరొనేసీ అనే సర్జన్లు వందలాది మంది ఆడవాళ్ళను చీటీలు వేసినట్టు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు రొమ్ము తీసి, ఒక గుంపుకు గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చి, ఏళ్ళ తరబడి గమనించారు. వెరొనేసీ ఫలితాలు 1981లో, ఫిషర్ ఫలితాలు 1985లో వచ్చాయి. ఇరవై ఏళ్ళ లెక్కలు రెండూ 2002లో అచ్చయ్యాయి. తొలిదశలో ఉన్న గడ్డకు ఏ దారి పట్టినా బతికే అవకాశంలో తేడా లేదు. అయితే గడ్డ మాత్రమే తీయించుకున్నవాళ్ళకు రేడియేషన్ తప్పనిసరి అని కూడా తెలిసింది. ఫిషర్ లెక్కలో, రేడియేషన్ తీసుకోని వాళ్ళలో వందకు 39 మందికి అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది. తీసుకున్నవాళ్ళలో 14 మందికే.

రోజ్‌కు 1981లో జబ్బు తిరగబెట్టింది. అయినా పని ఆపలేదు. అవసరాన్ని మించి బరువైన మందులు ఎక్కించడం కూడా హాల్‌స్టెడ్ కోత లాంటి పొరపాటే అవుతుందేమోనని 1984లో వైద్య పత్రికలో రాసింది. వయసు మళ్ళిన ఆడవాళ్ళకు మామోగ్రామ్ పరీక్ష ఖర్చు ప్రభుత్వమే భరించాలని చట్టసభల చుట్టూ తిరిగింది. 1990 జనవరి 7న కన్నుమూసింది. అరవై ఒకటి నిండలేదు. మామోగ్రామ్ సదుపాయం 1991 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. చూడటానికి ఆవిడ లేదు.

ఆవిడ అడిగిన గడువు ఇవాళ మనకు అడక్కుండానే దొరుకుతోంది. ఇప్పుడు సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతారు, రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. రిపోర్టుకూ ఆపరేషనుకూ మధ్య ఒకటి రెండు వారాలు ఆలోచించుకున్నంత మాత్రాన ప్రమాదం లేదు. నెలల తరబడి నాటుమందులు మింగుతూ కూర్చోవడం మాత్రం ప్రమాదమే. ఆ రెంటికీ తేడా తెలుసుకోవాలి.

ఆ రోజుల్లో ఏం ఆలోచించాలి? గడ్డ రొమ్ము సైజుతో పోలిస్తే ఎంత ఉంది, ఒకే చోట ఉందా, నాలుగు చోట్ల ఉందా అని అడగాలి. వేర్వేరు చోట్ల గడ్డలున్నా, ఇదివరకు అక్కడ రేడియేషన్ తీసుకుని ఉన్నా సాధారణంగా రొమ్ము ఉంచడం కష్టమంటారు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. రొమ్ము ఉంచుకుంటే రేడియేషన్‌కు రోజూ వెళ్ళాలి. ఒకప్పుడు అయిదారు వారాలు పట్టేది, ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో అవుతోంది. ఆ మిషన్ మన ఊళ్ళో లేకపోతే పట్నంలో ఎవరింట్లో ఉండాలి, పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నవి చిన్న ప్రశ్నలు కావు. మొత్తం తీసేస్తే రేడియేషన్ తప్పిపోయే అవకాశం ఉంది, అందరికీ కాదు. చంకలో ఒకటి రెండు గ్రంథులు తీసి చూస్తే చాలేమో కూడా అడగాలి. అన్నీ తీస్తే చెయ్యి వాపు వచ్చే భయం ఎక్కువ.

అందం కోసం ఉంచుకోవాలనుకోవడం సిగ్గుపడవలసిన కోరిక కాదు. ఈ బెంగ నాకొద్దు, తీసెయ్యండి అనుకోవడం పిరికితనమూ కాదు. రెండు దారులూ ఒకే చోటికి చేరుస్తాయని ఇరవై ఏళ్ళ లెక్కలు చెబుతున్నప్పుడు, ఏ దారిలో నడవగలదో ఆ మనిషికే తెలుస్తుంది. వరండాలో మాటలు నడుస్తున్నప్పుడు కాఫీ మరొకరు కలపొచ్చు. పిన్నిగారికి అక్కడ ఒక కుర్చీ వెయ్యాలి.