అగోచర కాంతిని చిత్రించిన రాబర్ట్ వుడ్

1910లో రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు కొన్ని ప్రకృతి దృశ్యాల ఛాయాచిత్రాలను ప్రకటించారు. ఆకాశం కాటుకవలె నల్లగా ఉన్నది. చెట్లు నిలువెల్లా తెల్లగా ఉన్నవి. నేలమీది పచ్చిక సైతం తెలుపే. మంచు కురిసిన వెన్నెల రాత్రి కాబోలు అనిపించే ఆ చిత్రాలు నిజానికి మండుటెండలో తీసినవి. వాటిని చిత్రించినది మన కంటికి అందే వెలుగు కాదు. ఎరుపుకు ఆవల ఉన్న పరారుణ కాంతి.

ఆ కాంతి ఉన్నదని 1800లోనే విలియం హెర్షెల్ కనిపెట్టారు. వర్ణపటంలో ఎరుపు ముగిసిన చోట, ఏ వెలుగూ కనరాని చోట, ఆయన ఉంచిన ఉష్ణమాపకంలో పాదరసం పైకి ప్రాకింది. అయితే ఒక కాంతి వేడిగా తెలియడం వేరు, ఆ కాంతిలో లోకం ఎట్లుంటుందో చూడడం వేరు. ఈ రెండింటి నడుమ నూరేండ్లు గడిచిపోయినవి.

వుడ్ 1868లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాన్‌కర్డ్ పట్టణంలో జన్మించారు. హార్వర్డులో రసాయన శాస్త్రం చదివి, బెర్లిన్‌లో ఉండగా భౌతిక శాస్త్రానికి మళ్ళారు. 1901 నుండి 1938 వరకు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి నిర్వహించారు. గంభీరమైన పదవియే గాని మనిషిలో చిలిపితనం పోలేదు. పల్లెలోని తన వేసవి ప్రయోగశాలలో నలభై అడుగుల గొట్టానికి సాలెగూళ్ళు పట్టితే, ఇంటి పిల్లిని ఒక కొనలో దూర్చి రెండవ కొనవైపు తరిమి శుభ్రపరచారని చెప్పుకుంటారు. పిల్లలకోసం హాస్య పద్యాలు వ్రాసి, బొమ్మలు కూడా తానే వేశారు.

ఆ చిలిపితనమే ఒకసారి ఒక సిద్ధాంతాన్ని కూల్చింది. 1903లో ఫ్రాన్సు దేశపు నాన్సీ నగరంలో బ్లోండ్లో అనే పేరెన్నికగన్న ఆచార్యుడు ఎన్-కిరణాలనే కొత్త కిరణాలను కనుగొన్నట్లు ప్రకటించాడు. చీకటి గదిలో ఒక మసక వెలుగు ఇంచుక ప్రకాశించినట్లు కంటికి తోచడమే ప్రధాన సాక్ష్యం. 1904లో వుడ్ అక్కడికి వెళ్ళి ప్రయోగం చూస్తూ, చీకటిలో ఎవరికీ తెలియకుండా అల్యూమినియం పట్టకాన్ని తీసివేశారు. కొలతలు మునుపటివలెనే వచ్చినవి! ఆ కిరణాల కథ దాదాపు అంతటితో ముగిసింది. ఆతిథ్యమిచ్చిన చోట అట్లు చేయడం మర్యాదా అని అడుగవచ్చు. చెప్పి తీస్తే అది పరీక్ష ఎట్లవుతుంది? పైగా పత్రికకు వ్రాసిన లేఖలో ఆయన బ్లోండ్లో పేరెత్తలేదు.

కనిపించని కిరణాలపై తానూ పనిచేస్తున్నవాడు గనుక, అటువంటి వాటికి ఎటువంటి సాక్ష్యం కావాలో వుడ్‌కు బాగా తెలుసు. దృశ్యకాంతిని అడ్డగించే వడపోతను కటకానికి అమర్చి, ఎరుపు అంచు దాటి స్పందించే ఫలకాన్ని నిమిషాల తరబడి ఎండలోని దృశ్యానికి చూపారు. ఫలకంపై పడిన ముద్ర ఎవరు చూచినా ఒక్కటే. మేఘాలులేని గాలి నీలికాంతిని వెదజల్లినంతగా పరారుణాన్ని వెదజల్లదు. అందుచేత ఆకాశం నల్లబడింది. ఆకులు తెల్లబడడానికి పత్రహరితం కారణమని కొందరు పొరపడతారు. పత్రహరితం పరారుణాన్ని దాదాపు అడ్డుకోదు. ఆకులోపలి కణాల నడుమ అటునిటు చెదరి ఆ కాంతి వెనుకకు వస్తుంది. దీనికి వుడ్ ప్రభావమనే పేరు నిలిచింది.

ఇతరుల మాటను పడగొట్టడమే ఆయన పని కాదు. 1928లో, విశాఖపట్టణంలో బాల్యవిద్య గడపిన చంద్రశేఖర వెంకట రామన్ తన ఆవిష్కరణను వెల్లడించగా, ప్రయోగం తిరిగి చేసి అది సత్యమని నేచర్ పత్రికకు తంతి పంపినవారిలో వుడ్ ఒకరు.

ఆయన 1955లో కన్నుమూశారు. అప్పటికే హాలీవుడ్‌లో పట్టపగలు తీసిన దృశ్యాన్ని రాత్రిగా చూపడానికి పరారుణ ఫిల్మును వాడారు. 1964లో వచ్చిన ‘నేను క్యూబాను’ చిత్రంలో ఛాయాగ్రాహకుడు ఉరుసెవ్‌స్కీ ఆ ఫిల్ముతోనే తాటిజాతి చెట్లను వెండివలె మెరిపించాడు.

నేటి డిజిటల్ కెమెరాలో చిక్కు తలక్రిందులైంది. అందలి సిలికాన్ ఫలకం సుమారు 1,100 నానోమీటర్ల వరకు పరారుణాన్ని సహజంగానే గ్రహిస్తుంది. రంగులు చెడకుండా నిర్మాతలే దానికి అడ్డుగాజు పెడతారు. ఆ గాజు తొలగించి, దృశ్యకాంతిని ఆపే వడపోత అమర్చితే వుడ్ చూపిన లోకం మరల ప్రత్యక్షమవుతుంది. 2024 నాటి ‘డ్యూన్’ రెండవ భాగంలో గ్రేగ్ ఫ్రేజర్ ఒక క్రూరలోకపు బహిరంగ దృశ్యాలను ఈ విధంగానే నలుపుతెలుపులలో తీశాడు. మనుష్యుల చర్మం పాలరాతివలె పాలిపోయింది. ఇటువంటి చిత్రీకరణలో దుస్తులకు కూడా పరీక్ష తప్పదు. కంటికి నల్లనైన బట్ట పరారుణంలో తెల్లగా తేలవచ్చు.

తరగతి గదిలో చూడదలచినవారికి టెలివిజన్ రిమోట్ చాలు. గదిని చీకటి చేసి, చేతిఫోను ముందువైపు కెమెరాకు ఎదురుగా రిమోట్ పట్టి మీట నొక్కండి. రిమోట్‌పై కంటికి ఏమీ కనబడదు. చాలా ఫోన్ల తెరపై మాత్రం చిన్న దీపం మినుకుమంటుంది.