పురుగును గుర్తుపట్టడమూ కెరీరే!

మీ ఇంటి దర్వాజకు సన్నటి రంధ్రాలు పడి, కింద పిండిలాంటి పొడి రాలుతోందా? చాలామంది వెంటనే చెదలనుకొని మందు కొట్టించేస్తారు. కానీ చెదలు పట్టిన చోట మట్టి కనిపిస్తుంది. పిండి రాల్చేది వేరే జాతి పెంకుపురుగు. పురుగును తప్పుగా గుర్తిస్తే మందూ దండగే, డబ్బూ దండగే. మన దేశంలో ఏ చెట్టును ఏ పురుగు తింటుందో ఓపిగ్గా రాసిపెట్టినవాళ్లలో ముందుండే పేరు సిరిల్ బీసన్.

ఆయన 1889లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. స్కూల్లో ఆయన దోస్తు ఎవరో తెలుసా? తర్వాత 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరు పొందిన టి.ఇ. లారెన్స్! ఇద్దరూ సైకిళ్లేసుకుని పాత చర్చిలు చూసొచ్చేవాళ్లు. బీసన్ చదివింది జియాలజీ, ఆ తర్వాత ఫారెస్ట్రీ. 1911లో అటవీ సర్వీసులో చేరాడు. 1913 నుంచి డెహ్రాడూన్‌లో అటవీ కీటకాల పని చూశాడు. డిగ్రీకీ జాబ్‌కీ పొంతన కుదరట్లేదని బాధపడుతున్నారా? ఆయనకూ కుదరలేదు.

1920లలో మధ్య భారతంలో ఒక తొలుచుపురుగు లక్షల సాల్ చెట్లను చంపేసింది. ఆ పురుగు ఎప్పుడు బయటికొస్తుంది, దేనికి ఆకర్షితమవుతుంది అన్నది తెలిస్తేనే అడవి దక్కుతుంది. కొత్తగా నరికిన సాల్ దుంగల రసం వాసనకు అది వస్తుందని తేలింది. ఆ దుంగలనే ఎరగా పెట్టి పురుగుల్ని ఏరి చంపారు.

అమ్రాబాద్ అడవుల్లోనూ ఉన్న టేకునే తీసుకోండి. ఆకంతా తినేసి పెద్ద ఈనెలు మాత్రం మిగిలిస్తే ఒక పురుగు. సన్నటి ఈనెల జల్లెడ మిగిలిస్తే ఇంకొకటి. వీటిని తినే మిత్రకీటకాలు బతకాలంటే టేకు కింద వేరే మొక్కలనూ ఉండనివ్వాలన్నది బీసన్ సూచన.

1941లో రిటైరయ్యే వేళకు ఆయన అనుభవమంతా వెయ్యి పేజీలు దాటిన పుస్తకమైంది. తర్వాత ఊరికే కూర్చోలేదు. పాత గడియారాల చరిత్ర మీద పుస్తకాలు రాశాడు. 1975లో కన్నుమూశాడు.

బీఎస్సీ ఫారెస్ట్రీ చదవాలంటే మన దగ్గరే ములుగు అటవీ కళాశాల ఉంది. బీట్ ఆఫీసర్ పోస్టుకు ప్రిపేరవుతున్నారా? అయితే ఈ వానాకాలం ఒక పని చేయండి. పురుగు తిన్న ఆకు కనిపిస్తే ఫొటో తీసి చెట్టు పేరు, తేదీ, తిన్న గుర్తు రాసుకోండి. ఈ పనికి మొదటి పాఠం అదే.