కాలానికి కాపలా కాసిన నవాబు: మూడవ సాలార్‌జంగ్

మానవుడు ఎంతో ముచ్చటపడి వస్తువును సమకూర్చుకుంటాడు. అవసరం తీరగానే దానిని మరచిపోతాడు. మా నరసన్నపేటలో పాత ఇనుము తూచే దుకాణం ముందర నిలిచినప్పుడెల్లా ఈ సత్యం మా మనస్సుకు తోస్తూ ఉంటుంది. తాతలనాటి కుట్టుమిషను, పెళ్లి కానుకగా వచ్చిన గోడగడియారం, తొలిజీతంతో ఎవరో మురిసి కొన్న బట్టలుతికే యంత్రం, అన్నీ అక్కడ కిలోల లెక్కకు దిగిపోతాయి. మా ఇంటి గడియారం కూడా ఒకనాడు ఆ త్రాసు దాకా వెళ్లి, మా నాయనగారి మనస్సు మారడంవల్ల తిరిగివచ్చింది. ఆ గడియారాన్ని చూచినప్పుడల్లా పాతవస్తువుల సేకరణకే జీవితాన్ని ధారపోసిన ఒక వ్యక్తి మాకు స్మరణకు వస్తారు. ఆయనే హైదరాబాదు నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్.

ఆయన 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. పితామహులు మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్. ఆయన 1853 నుండి 1883లో మరణించేవరకు నిజాం రాజ్యానికి దివానుగా ఉండి, చిందరవందరగా ఉన్న పరిపాలనను జిల్లాలుగా, శాఖలుగా క్రమబద్ధం చేసిన మేధావి. తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ కూడా దివాను పదవిని నిర్వహించినవారే. కాని కుమారునికి నెల రోజులైనా నిండకమునుపే, 1889 జూలైలో తండ్రి కన్నుమూశారు. తండ్రి ముఖం ఎరుగని ఆ శిశువుకు వంశనామమూ, విశాలమైన జాగీరూ, పితామహులు యూరపు నుండి తెచ్చిన కళాఖండాలూ వారసత్వంగా మిగిలాయి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన మేలిముసుగు రెబెకా శిల్పం వానిలో ఒకటి. మొదటి సాలార్‌జంగ్ దానిని 1876లో రోము నగరంలో సంపాదించారు. పాలరాతిలోనే పలుచని వస్త్రాన్ని భ్రమింపజేసే ఆ శిల్పం నీడలో పెరిగిన బాలునికి కళాభిరుచి అలవడడంలో వింత ఏమున్నది?

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనను దివానుగా నియమించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేళ్లు. 1914లో ఆ పదవిని వదలుకున్నారు. వివాహం కూడా చేసుకొనలేదు. అటుపిమ్మట ముప్పదియైదు సంవత్సరాలపాటు ఆయన ఆదాయమూ, ఆసక్తీ సేకరణకే అంకితమయ్యాయి. తాము స్వయంగా విదేశాలలో పర్యటించి కొన్నవి కొన్ని. వర్తకులు దేశదేశాల నుండి తెచ్చి దివాన్ దేవిడీ వాకిట నిలిపినవి కొన్ని. చిత్రాలు, శిల్పాలు, వ్రాతప్రతులు, పింగాణీ పాత్రలతోబాటు చేతికర్రలకూ, పిల్లల ఆటబొమ్మలకూ కూడా ఆ సేకరణలో చోటు దొరికింది. ఇంటిలో వాడుకున్న వస్తువు కూడా ఒక కాలపు జీవితాన్ని చెప్పగలదని ఆయన గ్రహించారని మేము భావిస్తాము.

ఆ సేకరణలో మా మనస్సును ప్రత్యేకంగా ఆకర్షించేవి గడియారాలు. ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మనీ మొదలైన దేశాలవి, నిలువెత్తువీ, బల్లమీద ఉంచేవీ, పక్షి పంజరం రూపంలో ఉన్నవీ అందులో ఉన్నాయి. అన్నిటికన్న జనాదరణ పొందినది సంగీత గడియారం. ఇంగ్లండులో తయారైన దానిని కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ సంస్థవారు కూర్చారు. మూడువందల యాభైకి పైగా భాగాలున్న ఆ యంత్రంలో ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణమూ సమ్మెటతో కొడుతూ ఉంటుంది. గంట పూర్తయ్యే వేళకు చిన్న తలుపు తెరచుకొని మరొక బొమ్మ బయటికి వచ్చి, గంటలు కొట్టి లోనికి పోతుంది. పన్నెండు దెబ్బలు వినడానికి మధ్యాహ్నం అక్కడ గుమిగూడే జనాన్ని చూచినవారు ఆ దృశ్యాన్ని మరువలేరు.

శిల్పానికీ యంత్రానికీ ఒక భేదమున్నది. శిల్పం నిలిచియుంటే చాలు, యంత్రం నడవాలి. ఎవరో ఒకరు తాళంచెవి తిప్పాలి, దుమ్ము దులపాలి. పాతనూనె చిక్కబడి దుమ్ముతో కలిస్తే అదే ఆకురాయివలె ఇరుసులను అరగదీస్తుంది. మా గోడగడియారాన్ని బాగుచేసిన వృద్ధుడు దానిని పూర్తిగా విప్పి, ప్రతి చక్రాన్నీ కడిగి, ఒక్క ఇరుసును మాత్రమే మార్చారు. అరిగిన పాత ఇరుసును కాగితంలో పొట్లం కట్టి మాకు అప్పగించారు. మార్చినది తక్కువగా ఉండాలి, తీసినది పోకుండా ఉండాలి అన్న ఆ పనివాని నీతి మాకు పుస్తకాలు నేర్పిన పాఠాలకు తీసిపోనిది. సేకరించినవాని కీర్తిలో ఇట్టి అజ్ఞాత హస్తాలకు కూడా వాటా ఉన్నది.

1949 మార్చి 2న సాలార్‌జంగ్ పరమపదించారు. సంతానం లేదు. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమై ఆరు నెలలైనా కాలేదు. ఆ ఏడాదే జాగీర్ల వ్యవస్థ రద్దయింది. యజమానీ లేడు, ఆదాయమూ లేదు. వేలకొలది వస్తువులు మాత్రం మిగిలాయి. అవి వేలంపాటలలో చెల్లాచెదరై ఉంటే, ఒక జీవితకాలపు శ్రమ పేరైనా లేకుండా పోయేది. ఆనాటి ప్రభుత్వం కల్పించుకొన్నది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. వారసులతో 1958లో రాజీ కుదిరింది. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ ఒడ్డున ప్రస్తుత భవనానికి తరలింది.

ఇక్కడ ఒక మాట దాచడం ధర్మం కాదు. ఆ వస్తువులను కొన్న ధనం జాగీరులోని రైతుల చెమట నుండి వచ్చినది. నవాబు అభిరుచిని మెచ్చుకునే మనం ఆ రైతును మరచిపోరాదు. ఆ రైతు మనుమడు టిక్కెట్టు కొని ఆ గడియారం ముందు నిలిచి, తన పిల్లవానిని భుజాలమీదికెత్తి చూపించే రోజున ఆ ఋణంలో కొంతైనా తీరినట్లు మేము భావిస్తాము. ఒక్కరి కోసం కూడిన సంపద అందరిదీ కావడమే ఈ జీవితచరిత్రకు సార్థకత.

మా విద్యార్థులకు నవాబుల ఐశ్వర్యం లేదు, అవసరమూ లేదు. ఇంటి అటకమీద ఆగిపోయిన యంత్రం ఒకటి తప్పక ఉంటుంది. దానిని త్రాసులో వేయకముందు ఒక్కసారి క్రిందికి దించి, ఎవరు కొన్నారో, ఎవరు వాడారో పెద్దలనడిగి తెలుసుకొని, విప్పి తుడిచి చూడవలసిందిగా కోరుతున్నాము. మా గోడగడియారం ఇప్పటికీ రోజుకు నాలుగు నిమిషాలు వెనుకబడుతుంది. ప్రతి ఉదయం దానిని సరిచేసేటప్పుడు మా నాయనగారు గుర్తుకు వస్తారు.