శరణార్థుల సభ్యురాలు – ఎలినార్ రాత్‌బోన్

ఇంగ్లండు దేశమున మెర్సీ నది సముద్రమును చేరుచోట లివర్‌పూల్ అను గొప్ప రేవుపట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఆ పట్టణపు వర్తకులలో అనేకులు ఆఫ్రికా బానిసల క్రయవిక్రయములచే ధనవంతులైరి. ఆ రేవునందే వ్యాపారము చేయుచు ఆ పాపపు వర్తకమును నిరసించిన కుటుంబములలో రాత్‌బోన్ వారి కుటుంబమొకటి. ఆ వంశమున పుట్టిన విలియం రాత్‌బోన్ పెక్కేండ్లు పార్లమెంటు సభ్యుడుగా నుండెను. 1859లో ఆయన మొదటి భార్య మరణశయ్యపై నుండగా ఒక నర్సు ఎంతో శ్రద్ధతో ఉపచారము చేసెను. ఇట్టి సేవ పేదల యిండ్లకు లేదు గదా యని చింతించి, ఆయన ఆ నర్సునకే వేతనమిచ్చి లివర్‌పూల్ పేదవాడలకు పంపెను. రోగుల యిండ్లకే పోయి శుశ్రూష చేయు నర్సుల వ్యవస్థ ఇంగ్లండున అట్లు మొదలయ్యెను. ఆయన రెండవ భార్యయందు కలిగిన కుమార్తె ఎలినార్. ఆమె 1872వ సంవత్సరము మే 12వ తేదీన లండనులో జన్మించెను.

ఎలినార్ 1893లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు సోమర్‌విల్ కళాశాలలో చేరి గ్రీకు, లాటిను వాఙ్మయములను, తత్త్వశాస్త్రమును అభ్యసించెను. ఆ దినములలో అచ్చట స్త్రీలు చదువవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును, పట్టమును మాత్రము పొందరాదు. ఆ నిబంధన 1920 వరకు తొలగలేదు. పట్టము లేకయే ఇల్లు చేరిన ఈ యువతి తరువాతి కాలమున పట్టభద్రుల ఓట్లతోనే పార్లమెంటునకు ఎన్నికయగుట విశేషము.

లివర్‌పూల్‌నకు తిరిగి వచ్చి ఆమె పేదల స్థితిగతులను విచారింప మొదలిడెను. ఆ రేవునందు ఓడ వచ్చిననాడు పని, రానినాడు పస్తు. అట్టి దినకూలీల రాబడి యెంత, రొట్టెకు పోవునదెంత, ఇంటి అద్దెకు పోవునదెంత అని విచారించి, ఆ లెక్కలను ఆమె పుస్తకములుగా ప్రకటించెను. 1909లో లివర్‌పూల్ నగరసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమెయే. మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికుల భార్యలకు భృతి నందించు పని ఆమె చేతికి వచ్చెను. సొమ్ము నేరుగా తల్లికి అందినచో బిడ్డలకు మేలు కలుగునని ఆమె గ్రహించెను. బిడ్డలు గల కుటుంబములకు ప్రభుత్వమే భృతి నియ్యవలెనని 1924లో ఒక గ్రంథము వ్రాసి, ఆ కోరికను జీవితాంతము విడువలేదు.

1929లో ఆమె ఆంగ్ల విశ్వవిద్యాలయముల ఉమ్మడి నియోజకవర్గమునుండి పార్లమెంటు సభ్యురాలయ్యెను. లివర్‌పూల్, మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్ మొదలగు విశ్వవిద్యాలయముల పట్టభద్రులు ఆ స్థానమునకు తపాలా మూలమున ఓట్లు పంపెడివారు. ఆమె ఏ పక్షమునను చేరలేదు. పక్షము లేని సభ్యునకు సాధారణముగా మంత్రిపదవి రాదు. వెనుక నిలుచువారు తక్కువ. కాని ఏ నాయకుడును అతనిని నోరు మూసికొమ్మని శాసింపజాలడు. ఎలినార్ ఈ స్వేచ్ఛను కడవరకు నిలుపుకొనెను.

మన దేశమును గూర్చి కూడ ఆమె శ్రద్ధ వహించెను. 1932లో ఇచ్చటికి వచ్చి, బాల్యవివాహములను ఖండించుచు 1934లో గ్రంథము వ్రాసెను. భారతస్త్రీలకు ఓటుహక్కు విరివిగా ఇయ్యవలెనని వాదించెను. ఆమె ఉద్దేశము మంచిదే. అయినను, మన దేశపు దురాచారములను మాన్పు భారము ఆంగ్లవనితలపై నున్నట్లు మాటలాడుట మనవారికి నచ్చలేదు. 1929లో లండనులో జరిగిన ఒక సమావేశమున ధన్వంతి రామారావుగారు లేచి ఆ ధోరణిని నిరసించిరి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లోనే వితంతు వివాహము జరిపించిన సంగతిని తలచినచో, ఆ నిరసన ఎంత న్యాయమో తెలియగలదు. 1941లో ఆమె యుద్ధమునకు తోడ్పడని భారతీయులను తప్పుపట్టుచు బహిరంగలేఖ ప్రకటింపగా, రోగశయ్యపై నున్న రవీంద్రనాథ ఠాకూరు దానికి తీవ్రమైన ప్రత్యుత్తరము పంపెను. తన దేశప్రభుత్వము పరదేశీయులకు చేయు అన్యాయమును అంత సూక్ష్మముగా చూడగల ఆమె దృష్టి భారతదేశ విషయమున మసకబారెననక తప్పదు.

ఆమె పేరు నిలిచినది శరణార్థుల విషయమున. 1933లో హిట్లరు జర్మనీ అధికారమును చేజిక్కించుకొనెను. యూదులు ఉద్యోగములను, 1935లో పౌరసత్వమును కోల్పోయిరి. 1938 నవంబరులో వారి ప్రార్థనామందిరములు తగులబెట్టబడెను. ప్రాణములు దక్కించుకొన పరుగెత్తువారికి ఇతర దేశముల తలుపులు సులభముగా తెరువబడలేదు. బ్రిటనులో ప్రవేశింపవలెనన్నచో వీసా కావలెను; వచ్చినవాడు ప్రభుత్వమునకు భారము కాడని ఎవరైనను పూచీపడవలెను. ఉద్యోగములు లేక తమ ప్రజలే బాధపడుచున్న కాలమున పరదేశీయులను విరివిగా రానిచ్చుట కష్టమని ప్రభుత్వము వాదించెను. 1938 సెప్టెంబరులో మ్యూనిచ్ ఒప్పందముచే చెకోస్లోవేకియా సరిహద్దు ప్రాంతములు హిట్లరు వశమయ్యెను. అచ్చటి యూదులును, హిట్లరును ఎదిరించిన జర్మనులును ప్రాగ్ నగరమునకు పారిపోయి వచ్చిరి. ఆ ఒప్పందముపై బ్రిటను సంతకమున్నది. కావున ఈ దిక్కులేనివారి బాధ్యతయు బ్రిటనుపై నున్నదని ఎలినార్ పట్టుపట్టెను.

ఆ యేడాది చివర పార్లమెంటు సభ్యుల శరణార్థి సంఘమొకటి ఏర్పడెను. కన్సర్వేటివు పక్షమునకు చెందిన విక్టర్ కాజలెట్ దాని అధ్యక్షుడు, ఎలినార్ కార్యదర్శి. అన్ని పక్షములనుండియు 200 మందికి పైగా సభ్యులు చేరిరి. 1939 మార్చి 15వ తేదీన జర్మను సేనలు ప్రాగ్ నగరమున ప్రవేశించెను. వీసాకై ఎదురుచూచుచున్నవారిలో అనేకులు అచ్చటనే చిక్కుకొనిపోయిరి. కాగితము ఒక వారము ఆలస్యమగుట మనుష్యుని ప్రాణము తీయగలదని ఆమెకు అప్పుడు తెలిసివచ్చెను.

బ్రిటిషు పార్లమెంటునందు ప్రశ్న అడుగు పద్ధతిని కొంత తెలిసికొనవలెను. మన లోక్‌సభలోని ప్రశ్నోత్తర సమయము కూడ ఆ సంప్రదాయమునుండి వచ్చినదే. సభ్యుడు తన ప్రశ్నను వ్రాసి ముందుగా సభా కార్యాలయమున ఇయ్యవలెను. అది అచ్చగును, మంత్రి నిర్ణీత దినమున ప్రత్యుత్తరమియ్యవలెను. ఆయన లేచి చదువునది నాలుగు పంక్తులే కావచ్చును, కాని వాని వెనుక పెద్ద పని యున్నది. గుమాస్తాలు ఆ విషయపు కాగితములను వెదకి తీయవలెను. పై యధికారులు చదువవలెను. పొరపాటు కనబడినచో మంత్రి సభలో నవ్వులపాలు కాకుండ ముందే సరిదిద్దవలెను. కావున నెలల తరబడి కట్టలో మూలుగుచున్న ఒక అభాగ్యుని దరఖాస్తు, సభ్యుడొకడు దానిని గూర్చి అడుగుదునన్నంతనే కదలుట కలదు. ఎలినార్ ఈ రహస్యమును బాగుగ ఎరుగును. మొదటి ప్రత్యుత్తరముతో ఆమె తృప్తిపడదు. వెంటనే అనుబంధ ప్రశ్న వేయును. అదియు చాలనిచో జాబు వ్రాయును. పిదప స్వయముగా పోయి కలిసికొనును. చేతినిండ కాగితములతో ఆమె నడవలో వచ్చుట చూచి అధికారులు స్తంభముల చాటునకు తప్పుకొనెడివారని చెప్పుకొనుట కలదు.

1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. బ్రిటనులోని జర్మను, ఆస్ట్రియా దేశీయులను విచారించుటకు న్యాయసభలు ఏర్పడి, వారిని మూడు తరగతులుగా విభజించెను. అపాయకరులని నిర్బంధింపబడినవారు సుమారు 600 మంది. కొన్ని ఆంక్షలకు లోబడి యుండవలసినవారు సుమారు 6,500 మంది. మిగిలిన 66,000 మందిని స్వేచ్ఛగా విడిచిరి. వీరిలో అత్యధికులు హిట్లరు బాధితులే. కాని 1940 మే, జూన్ నెలలలో హాలెండు, బెల్జియము, ఫ్రాన్సు ఒకదాని వెంట ఒకటి కూలిపోయెను. శత్రువు నేడో రేపో సముద్రము దాటునని జనులు భయపడిరి. హాలెండులో స్వదేశముననే దాగియున్న ద్రోహులు శత్రువునకు తోడ్పడిరను వదంతులు వ్యాపించెను. ప్రభుత్వము విచారణఫలితములను ప్రక్కనబెట్టి సుమారు 27,000 మంది జర్మను, ఆస్ట్రియా, ఇటలీ దేశీయులను నిర్బంధించెను. జర్మనీ ఖైదుశిబిరములను తప్పించుకొని వచ్చినవారు మరల ముళ్ళకంచె వెనుకకు పోయిరి. ఎలినార్ పుట్టింటివారి పట్టణమైన లివర్‌పూల్ చెంతనే, హైటన్ అనుచోట, కట్టుబడి పూర్తికాని యిండ్లలో అట్టి శిబిరమొకటి వెలసెను. భార్య యెచ్చట నున్నదో భర్తకు తెలియదు. జాబులు వారముల తరబడి అందవు.

ఆ భయము ఉత్తది యనుటకు వీలులేదు. దేశము నిజముగనే ప్రాణసంకటమున నుండెను. ఎలినార్ కూడ హిట్లరును ఓడించుటకై సర్వమును ఒడ్డవలెనను పట్టుదల గలదే. నిజముగ అపాయకరులైనవారిని బంధింపవలదని ఆమె యెన్నడును అనలేదు. ఒక్కొక్కని సంగతిని విడిగా విచారింపవలెనని, నిర్దోషి యని తేలినవానిని విడువవలెనని, లోపలనున్న దినములలో మనుష్యులవలె చూడవలెనని మాత్రమే ఆమె వాదము. యుద్ధ సమయమున ప్రభుత్వమును ప్రశ్నించుట దేశద్రోహమను గొంతులు వినబడుచున్నను ఆమె వెనుదీయలేదు.

జూలై 2వ తేదీన అరండోరా స్టార్ అను ఓడ నిర్బంధితులను కెనడాకు తీసికొనిపోవుచుండగా జర్మను జలాంతర్గామి దానిని ముంచివేసెను. ఎనిమిదివందలమందికి పైగా మరణించిరి. అందలి జర్మనులందరు హిట్లరు పక్షమువారేయని ప్రభుత్వము మొదట ప్రకటించెను. తరువాత వారిలో శరణార్థులును గలరని ఒప్పుకొనవలసి వచ్చెను. జూలై 10వ తేదీన కామన్సు సభలో ఈ నిర్బంధములపై దీర్ఘచర్చ జరిగెను. కాజలెట్, ఎలినార్ మొదలగువారు మంత్రులను నిలదీసిరి. సరిగా ఆ దినముననే లివర్‌పూల్ రేవునుండి డునెరా అను మరియొక ఓడ 2,500 మందికి పైగా నిర్బంధితులతో ఆస్ట్రేలియాకు బయలుదేరెను. కావలి సైనికులు వారి సొత్తును దోచుకొనిరి. సుమారు రెండు నెలలు వారు క్రిక్కిరిసిన ఓడ అడుగున గడపిరి. సభలో మాట వెలువడుట ఒకటి, అది రేవును చేరుట మరియొకటి.

అయినను ఆ చర్చ వ్యర్థము కాలేదు. జూలై చివర ప్రభుత్వము శ్వేతపత్రము ప్రకటించి, 18 విధములైనవారిని విడువవచ్చుననెను. దేశమునకు ఉపయోగపడు శాస్త్రజ్ఞులు, వైద్యులు మొదలగువారికి అందు స్థానము కలదు. మరి ఏ విద్యయు లేని నిర్దోషి గతి యేమి? నిరపరాధియగుటయే విడుదలకు చాలిన కారణము కావలెనని ఆమెయు ఆమె మిత్రులును ఆగస్టు చర్చలో మరల అడిగిరి. విడుదల నియమములు క్రమముగా సడలెను. 1941 ఫిబ్రవరి నాటికి పదివేలమందికి పైగా బయటకు వచ్చిరి. వారిలో అనేకులు బ్రిటిషు సైన్యముననే చేరిరి.

తరువాతి ప్రయత్నమున ఆమెకు ఇట్టి ఫలము దక్కలేదు. 1942 డిసెంబరు 17వ తేదీన విదేశాంగమంత్రి ఈడెన్, హిట్లరు యూదులను సమూలముగా సంహరించుచున్నాడని సభకు తెలిపెను. సభ్యులందరు లేచి మౌనముగ నిలిచిరి. మౌనము పాటించిన పిదప ఏమి చేయుదురని ఎలినార్ అడుగసాగెను. స్పెయిను, స్విట్జర్లండు వంటి తటస్థ దేశములు పారిపోయి వచ్చువారికి తలుపులు మూయకుండ, వారి భారమును తాము పంచుకొందుమని బ్రిటను మాట యియ్యవలెనని, వీసాలు విరివిగా నియ్యవలెనని ఆమె కోరెను. దానికై 1943లో ఒక జాతీయసంఘమును నెలకొల్పి, చిన్న పుస్తకమును ప్రకటించెను. ఎక్కువమందిని రానిచ్చినచో స్వదేశమున యూదద్వేషము పెరుగునని హోం మంత్రి మారిసన్ భయపడెను. ఓడలు లేవని ఇతరులు చెప్పిరి. ఏప్రిలులో బ్రిటను, అమెరికా ప్రతినిధులు బెర్ముడా ద్వీపమున పండ్రెండు దినములు సమావేశమై దాదాపు రిక్తహస్తములతో లేచిరి. మే 19వ తేదీ చర్చలో ఎలినార్ తీవ్రముగ మాటలాడెను, ప్రభుత్వము చలింపలేదు. జూలైలో కాజలెట్ జిబ్రాల్టరు వద్ద విమానప్రమాదమున మరణించెను. సహచరుని కోల్పోయియు ఆమె ప్రశ్నలు మానలేదు.

1945లో కుటుంబభృతి బిల్లు సభకు వచ్చెను. సొమ్ము తండ్రికి చెల్లవలెనని అందుండెను. అట్లైనచో తాను ఇరువదియేండ్లుగా కోరిన బిల్లునే తాను ఎదిరింతునని ఆమె చెప్పెను. సభ తల్లి పేరనే చెల్లింప నిశ్చయించెను. ఆ సంవత్సరపు శరదృతువున, ఓడిపోయిన జర్మనీలో ఆకలిగొన్న ప్రజలకు ఆహారము పంపవలెనని కోరినవారిలో ఆమెయు ఒకతె. 1946 జనవరి 2వ తేదీన ఆమె అకస్మాత్తుగా మరణించెను. ఆ యేడాది ఆగస్టులో తల్లులు తపాలా కచేరీలలో మొదటి భృతిని అందుకొనిరి. ఆమె కూర్చున్న విశ్వవిద్యాలయ స్థానము 1948 నాటి శాసనముచే రద్దయ్యెను.